బడిలో భోజనం పెడితే పిల్లలకు ఒరిగేదేమిటి? పోషణ, చదువు మీద ఒక వివరమైన జవాబు

మీరు అడిగినవి మూడు. బడిలో ఉచితంగా భోజనం పెడితే తల్లిదండ్రులు ఇంట్లో పెట్టేది తగ్గించేస్తారా? హాజరు పెరిగినంత మాత్రాన చదువు వస్తుందా? ఆ డబ్బేదో టీచర్ల మీద ఖర్చు పెడితే ఇంకా మేలు కదా? పిల్లల పోషణ మీద, అందులోనూ బడి భోజనాల మీద ఏళ్లుగా పనిచేస్తున్నదాన్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా నా అభిప్రాయం. బడి భోజనం పనిచేస్తుంది. కానీ అసలు ఫలితం కనిపించేది ఏళ్ల తరబడి తెగకుండా పెట్టినచోటే. పథకం మొదలైన ఏడాదికే బరువులు తూచి, మార్కులు లెక్కేసి, "పెద్దగా తేడా లేదు" అని రాసేసిన నివేదికలు చాలా చదివాను. ఆ తొందరపాటు చూస్తే నాకు బాధేస్తుంది. ఎందుకో కింద చెబుతాను.

ఇంటి సంగతితో మొదలుపెడదాం. ఒకపూట బయట తిన్న బిడ్డకు రాత్రి ఒక ముద్ద తగ్గించి ఆ ముద్ద ఇంకొకరికి పెడతారన్నది ఆర్థికవేత్తల్లో చాలాకాలంగా ఉన్న అనుమానమే. కొలిచి చూసినవాళ్లకు అలా కనబడలేదు. ఫిలిప్పీన్స్‌లో బడి ఉన్న రోజున, లేని రోజున పిల్లలు తిన్నదాన్ని పోల్చి 2002లో ఆర్థికవేత్త హానన్ జాకబీ ప్రచురించిన అధ్యయనంలో, బడిలో పెట్టిన చిరుతిండి కేలరీలు దాదాపు మొత్తం ఆ బిడ్డకే మిగిలాయి. మన దేశంలో ఫర్జానా అఫ్రిది మధ్యప్రదేశ్ పల్లెల్లో ఇదే పద్ధతిలో లెక్క తీశారు. బడిలో అందిన పోషకాల్లో తక్కువలో తక్కువ సగం, కొన్నిటి విషయంలో మొత్తానికి మొత్తం, బిడ్డ రోజువారీ తిండికి అదనంగా చేరినట్టు 2010లో వచ్చిన ఆ అధ్యయనం చెప్పింది.

ఇలాంటి లెక్క ఎలా తీస్తారో చెబితే దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో మీకే తెలుస్తుంది. తల్లిని కూర్చోబెట్టి, నిన్న బిడ్డ లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం తిన్నాడో వరసగా అడుగుతాం. ఎంత తిన్నాడంటే "కడుపునిండా తిన్నాడండీ" అంటుంది. అప్పుడు బిడ్డ రోజూ తినే గిన్నెనే తెమ్మని, అందులో నీళ్లు పోసి, ఎంతవరకు పెట్టావో చూపించమంటాం. ఆ నీళ్లను కొలతపాత్రలోకి వంచి రాసుకుంటాం. దారిలో కొనుక్కున్నది, పక్కింట్లో పెట్టింది మర్చిపోతారు కాబట్టి ఇంకోసారి మొదటినుంచి అడుగుతాం. ఓపిక కావాల్సిన పని. కానీ బడి రోజుకూ సెలవు రోజుకూ ఉన్న తేడా ఇందులో తేటగా బయటపడుతుంది. తల్లి ఎవరి కేలరీలూ లెక్కేసి వడ్డించదు, ఉన్నదాన్ని అందరికీ పెడుతుంది. బడిలో తిన్నది బిడ్డ కడుపులోనే ఉంటుంది. తిండికి బాగా కటకటగా ఉన్న ఇళ్లలో కొంత సర్దుబాటు జరగదని నేను అనను, జరుగుతుంది. దానికి తల్లిదండ్రులను తప్పుపట్టాల్సిన పనీ లేదు. బుర్కినా ఫాసోలో వండి పెట్టడానికి బదులు ఆడపిల్లలకు ధాన్యం ఇంటికిచ్చి పంపితే, ఇంట్లో ఉన్న అయిదేళ్లలోపు తమ్ముళ్లూ చెల్లెళ్లూ బరువు పెరిగారు. బిడ్డ తిండి ఇంట్లోవాళ్లతో పంచుకోవడం పోషణ లెక్కలో నష్టమే అవ్వాలని లేదు.

ఇక కంచంలో ఏముంది అన్న విషయం. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే, బయట చర్చల్లో అన్నిటికంటే తక్కువ వినిపించేదీ ఇదే. అఫ్రిది అధ్యయనంలోనే చూడండి: బడి భోజనం వల్ల పిల్లల ప్రొటీన్ లోటు పూర్తిగా తీరింది, కేలరీల లోటు దాదాపు 30 శాతం తగ్గింది, ఐరన్ లోటులో తగ్గుదల మాత్రం 10 శాతం దగ్గరే ఆగిపోయింది. ధాన్యం ఎక్కువ, కూరగాయలు తక్కువ ఉండే కంచంతో వచ్చే చిక్కు ఇది. ధాన్యాల్లో ఐరన్ ఉన్నా, వాటిలోనే ఉండే ఫైటేట్లు దాన్ని ఒంటబట్టనివ్వవు. పుల్లటి పండో, విటమిన్ సి ఉన్న కూరగాయో తోడైతే కొంత నయం. మాంసంలోని ఐరన్ ఇంకా సులువుగా ఒంటబడుతుంది. రక్తం తక్కువైన పిల్లలు తొందరగా అలసిపోతారు, మనసు పెట్టి వినలేరు. కడుపు నిండుగానే ఉన్నా పాఠం బుర్రకెక్కకపోవడానికి ఇదొక కారణం.

కెన్యాలోని ఎంబూ ప్రాంతంలో 12 బళ్లలో చేసిన ఒక ప్రయోగాన్ని పోషణ రంగంలో ఉన్నవాళ్లం తరచూ తలుచుకుంటాం. మొక్కజొన్న, బీన్స్ కలిపి వండిన భోజనమే మూడు గుంపుల పిల్లలకూ పెట్టారు. ఒక గుంపుకు అందులో మాంసం కలిపారు, ఇంకో గుంపుకు పక్కన పాలిచ్చారు, మూడో గుంపుకు నూనె ఎక్కువ వేశారు. కేలరీలు దాదాపు సమానంగా ఉండేట్టు చూశారు. నాలుగో గుంపుకు బడిలో భోజనం లేదు. బొమ్మల వరసలో తప్పిపోయిన బొమ్మేదో ఆలోచించి చెప్పే పరీక్షలో మాంసం తిన్న పిల్లలు మిగతావాళ్లకంటే ముందుకు వెళ్లారు. ఆటస్థలంలో కూడా వాళ్లే ఎక్కువ చురుగ్గా, నలుగురినీ నడిపించేవాళ్లుగా కనిపించారు. భోజనం పెట్టిన మూడు గుంపులకూ కేలరీలు దాదాపు ఒకేలా అందినా ఫలితం ఒకేలా లేదన్నది ఇక్కడ గమనించాల్సింది. బడి భోజనంలో గుడ్డు, పాలు, మాంసం లాంటివి ఉండాలా అక్కర్లేదా అన్నది రుచికో ఇష్టానికో సంబంధించిన సంగతిగా మాట్లాడేవాళ్లు ఇది చదవాలని నా కోరిక.

అలాగని ఒక్క పోషకం కలిపేస్తే చదువొచ్చేస్తుందని కూడా అనుకోకండి. బీహార్‌లో మధ్యాహ్న భోజనం వండే ఉప్పులో అయోడిన్‌తోపాటు ఐరన్ కూడా ఉన్న ఉప్పు వాడి చూశారు. రక్తహీనత 20 శాతం మేర తగ్గింది. పరీక్షల ఫలితాల్లో మాత్రం సగటున చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రక్తహీనత తగ్గడమే పిల్లలకు పెద్ద మేలు, దాన్ని తక్కువ చేయకూడదు. పాఠం రావడానికి మాత్రం అదొక్కటే చాలదు.

మన దేశపు ప్రమాణం ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్, ఆపై 8వ తరగతి వరకు 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ అందాలి. కాగితం మీది ప్రమాణానికీ బిడ్డ కంచానికీ మధ్య గరిటె ఉంటుంది. పెద్ద గిన్నెలో వండిన పప్పును కాసేపు కదపకుండా ఉంచితే గింజ అడుక్కి దిగి, పైన నీళ్లు తేలతాయి. వడ్డించేవాళ్లు పైపైన ముంచి పోస్తే ముందొచ్చినవాళ్లకు పలచనిది, చివరొచ్చినవాళ్లకు చిక్కనిది. వరసలో చిన్నక్లాసుల పిల్లల్ని ముందు పంపే బళ్లే ఎక్కువ. అంటే చిన్నపిల్లల కంచంలోకే నీళ్లు పడతాయి. గిన్నెలో మొత్తం పప్పు తూచి చూస్తే లెక్క సరిపోతుంది, అధికారి సంతకం పెట్టి వెళ్లిపోతాడు. తనిఖీకి వెళ్లేవాళ్లు సరుకుల రిజిస్టరుతోపాటు వరస మొదట్లో రెండు కంచాలు, చివర్లో రెండు కంచాలు తూచి చూడాలని నేను ఎక్కడికెళ్లినా అడుగుతూనే ఉంటాను. ప్రతి పదిమందికీ ఒకసారి గరిటెను అడుగుదాకా దింపి తిప్పితే చాలు, దీనికి పైసా ఖర్చు లేదు.

ఎత్తు విషయంలో మాత్రం ఆశలు అదుపులో ఉంచుకోవాలి. పిల్లలు గిడసబారిపోవడం చాలావరకు కడుపులో పడ్డప్పటినుంచి రెండో పుట్టినరోజు లోపలే జరిగిపోతుంది. అయిదారేళ్లకు బడికొచ్చాక పెట్టే భోజనం ఆ నష్టాన్ని పూర్తిగా పూడ్చలేదు. కొంత పూడ్చగలదనడానికి ఆధారం మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకే పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించి సేకరించిన వివరాలతో సింగ్, పార్క్, డెర్కన్ 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. పసితనంలో కరువు దెబ్బ తిన్న కుటుంబాల పిల్లల్లో, మధ్యాహ్న భోజనం అందినవాళ్లు ఎత్తులోనూ బరువులోనూ ఆ దెబ్బనుంచి చాలావరకు కోలుకున్నారు. కరువన్నది ఏ కుటుంబానికి ఎప్పుడొస్తుందో ముందే తెలియదు. రోజూ నడిచే బడి వంటగది అలాంటప్పుడు ఆదుకుంటుంది.

2021లో వచ్చిన ఇంకో అధ్యయనం నన్ను బాగా కదిలించింది. చిన్నప్పుడు బడిలో మధ్యాహ్న భోజనం తిన్న ఆడపిల్లలు పెద్దయి తల్లులయ్యాక, వాళ్ల పిల్లల ఎత్తు ఎలా ఉందో సుమన్ చక్రవర్తి బృందం చూసింది. పథకం పూర్తిగా అందిన చోట పెరిగిన తల్లుల పిల్లలు, అసలు అందని తల్లుల పిల్లలకంటే వయసుకు తగ్గ ఎత్తులో మెరుగ్గా ఉన్నారు. పేద కుటుంబాల్లో ఈ తేడా ఇంకా స్పష్టంగా ఉంది. ఆ అమ్మాయిలు ఎక్కువ ఏళ్లు చదువుకోవడం, తక్కువమంది పిల్లల్ని కనడం, కాన్పు సమయంలో ఆసుపత్రి సేవలు వాడుకోవడం ఇందుకు దారులని ఆ పరిశోధకులు గుర్తించారు. ఏడాదికే ఎత్తు కొలిచి తీర్పు చెప్పేసేవారికి ఇదంతా ఎలా కనబడుతుంది?

చదువు దగ్గరికొద్దాం. భోజనం చదువును చేరే దారులు కొన్నున్నాయి. మొదటిది హాజరు, అందులో పెద్ద సందేహం లేదు. పేద దేశాల ప్రయోగాలన్నీ కలిపి చూసిన 2007 నాటి కాక్రేన్ (ఆరోగ్య పరిశోధనలను కలిపి తూచే సంస్థ) సమీక్షలో, భోజనం పెట్టిన బళ్లలో ఒక్కో బిడ్డ ఏడాదికి 4 నుంచి 6 రోజులు ఎక్కువగా బడికొచ్చినట్టు తేలింది. వినడానికి చిన్న సంఖ్యే. అయితే ఇది సగటు. ఎలాగూ రోజూ వచ్చే పిల్లలు కూడా ఇందులో ఉన్నారు, కాబట్టి మానేసే పిల్లల్లో పెరుగుదల దీనికంటే ఎక్కువే ఉంటుంది.

రెండోది ఆ పూట ఆకలి తీరడం. మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు అయిదో వంతు మెదడే వాడుకుంటుంది, చిన్నపిల్లల్లో ఆ వాటా ఇంకా ఎక్కువ. రాత్రి ఏడింటికి తిని, పొద్దున ఏమీ తినకుండా బడికొచ్చిన బిడ్డ మధ్యాహ్నం భోజనం దాకా చేసే ప్రయాణం పెద్దది. సాధారణంగా లెక్కలూ చదవడం నేర్పేది కూడా ఆ పూటే. జమైకాలోని పల్లె బళ్లలో ఏడాదిపాటు పొద్దున ఫలహారం పెట్టి చూశారు, పోల్చడానికి మిగతా పిల్లలకు నారింజ ముక్క మాత్రం ఇచ్చారు. ఫలహారం తిన్నవాళ్ల హాజరు, ఎత్తు, బరువు కొద్దిగా మెరుగయ్యాయి, చిన్నక్లాసుల పిల్లలకు లెక్కలు బాగా వచ్చాయి. మధ్యాహ్న భోజనానికి తోడు పొద్దున ఫలహారం కూడా పెట్టాలన్న ఆలోచనను అందుకే నేను గట్టిగా సమర్థిస్తాను. తమిళనాడు 2022లో ప్రభుత్వ ప్రాథమిక బళ్లలో అది మొదలుపెట్టింది.

మీ రెండో ప్రశ్న వెనకున్న "హాజరు పెరిగినా మార్కులు పెరగలేదు" అన్న మాటకు ఇక్కడ జవాబుంది. భోజనం మొదలుకాగానే అంతవరకు బడి మొహం చూడని పిల్లలు వస్తారు. ఇంట్లో చదివించేవాళ్లు లేని పిల్లలు, పనికిపోయే పిల్లలు, చెల్లినెత్తుకుని ఇంటిపట్టున ఉండే ఆడపిల్లలు. వాళ్లు వచ్చి కూర్చోగానే క్లాసు సగటు దిగుతుంది. ఆ సగటు చూసి పథకం దండగ అంటే, అసలు ఎవరి కోసం భోజనం పెట్టామో వాళ్లు రావడాన్నే తప్పుగా లెక్కేసినట్టు. క్లాసు సగటును పక్కనపెట్టి, ఎన్నేళ్లు తిన్న పిల్లలు ఎంత నేర్చారని చూడాలి.

ఆర్థికవేత్తలు తనికా చక్రవర్తి, రాజి జయరామన్ మన మధ్యాహ్న భోజన పథకాన్ని అలాగే చూశారు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, ధాన్యం పంచడం కాదు, వండిన భోజనమే పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. అన్ని రాష్ట్రాలూ ఒకేసారి మొదలుపెట్టలేదు, ఒక్కొక్కటీ ఒక్కో ఏడు అమలు చేశాయి. దాంతో ఒకే వయసు పిల్లల్లో కొందరికి అయిదేళ్లు అందింది, కొందరికి ఏడాది కూడా అందలేదు. దాదాపు 1,20,000 మంది పిల్లల వివరాలు చూస్తే, అయిదేళ్ల దాకా తిన్నవాళ్ల చదివే సామర్థ్యం ఏడాదిలోపు తిన్నవాళ్లకంటే 18 శాతం ఎక్కువగా, లెక్కల్లో 9 శాతం ఎక్కువగా ఉంది. ఏళ్లు పెరిగేకొద్దీ లాభం పోగుపడుతూ వచ్చింది. ఘనాలో ప్రభుత్వ పథకాన్నే ప్రయోగంగా మలిచి రెండేళ్ల తర్వాత చూస్తే సగటు లాభం ఓ మోస్తరుగానే ఉంది, కానీ ఆడపిల్లల్లో, కడుపేద ఇళ్ల పిల్లల్లో అంతకంటే చాలా ఎక్కువ కనిపించింది. స్వీడన్ ఇంకా దూరం చూసింది. అక్కడ 1959 నుంచి 1969 మధ్య ఒక్కో ఊరికీ ఉచిత భోజనం చేరుతూ వచ్చింది. ప్రాథమిక విద్య మొత్తం ఆ భోజనం తిన్నవాళ్ల జీవితకాల సంపాదన 3 శాతం ఎక్కువగా తేలింది, పేద ఇళ్లనుంచి వచ్చినవాళ్లలో ఇంకా ఎక్కువ.

టీచర్లా, భోజనమా అన్న మీ మూడో ప్రశ్నకు కెన్యా బాలవాడీల అనుభవం సూటిగా జవాబిస్తుంది. పొద్దున ఫలహారం పెట్టిన చోట పిల్లల రాక దాదాపు 30 శాతం ఎక్కువగా ఉంది. కానీ పరీక్షల్లో మార్కులు పెరిగింది, అంతకుముందే అనుభవమున్న టీచరు ఉన్న చోట మాత్రమే. వడ్డన, కంచాలు కడగడం పాఠం సమయాన్ని తినేశాయి, క్లాసులు కిక్కిరిసిపోయాయి. జమైకాలోనూ ఇలాంటిదే కనబడింది. సదుపాయాలు సరిగ్గా ఉన్న బడిలో ఫలహారం తిన్న పిల్లలు పాఠం మీద ఎక్కువ ధ్యాస పెట్టారు. ఇరుకు గదులు, అరకొర బల్లలు ఉన్న బళ్లలో తిన్నాక అల్లరి పెరిగింది.

కాబట్టి నేనేమంటానంటే, మీ ఏకైక లక్ష్యం ఈ ఏడాది మార్కులు పెంచడమే అయితే, పిల్లలంతా ఇంట్లో తినే వస్తుంటే, డబ్బు ముందు బోధన మీదే పెట్టండి. రూపాయికి రూపాయి చూస్తే మంచి బోధన మార్కుల్ని భోజనంకంటే ఎక్కువ పెంచుతుంది. కానీ బడి భోజనాన్ని ఒక్క మార్కులతోనే తూచడం న్యాయం కాదు. అదే ఖర్చుతో ఒక పూట తిండి, కుటుంబానికి కొంత ఊరట, బిడ్డను బడికి రప్పించడం, ఆడపిల్ల ఇంకో రెండేళ్లు చదవడం అన్నీ జరుగుతున్నాయి. వంటకు వేరే మనుషులను పెట్టి టీచరును గరిటె దగ్గర్నుంచి తప్పించడం ఎక్కడైనా మొదట చేయాల్సిన పని. రుచి చూసే బాధ్యత మాత్రం టీచర్లకు ఉండాల్సిందే. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ బడిలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. నూనె ఎక్కడ నిల్వ ఉంచుతున్నారు, పిల్లలకంటే ముందు పెద్దవాళ్లు తిన్నారా అన్న రెండు ప్రశ్నలూ ప్రతిరోజూ అడగాల్సినవే.

ఊబకాయం గురించి మీరు అడగలేదు గానీ ఒక మాట. అమెరికాలో బడి భోజనం తినే పిల్లల్లో ఊబకాయం ఎక్కువగా కనిపించిన కాలం ఉంది. ఆ కంచంలో ఉన్న కొవ్వు, ఉప్పు, తీపి చూశాక 2010లో కొత్త చట్టం తెచ్చి ప్రమాణాలు మార్చారు. లండన్‌లోని గ్రీనిచ్‌లో వేపుళ్లు తగ్గించి తాజా వంటకు మారినప్పుడు ఇంగ్లిషు, సైన్సు ఫలితాలు మెరుగయ్యాయి, అనారోగ్యంతో బడి మానేయడానికి సంబంధించిన గైర్హాజరు 14 శాతం తగ్గింది.

పేదపిల్లలకే పెట్టాలా అందరికీ పెట్టాలా అన్న వాదనలో నేను అందరికీ అనే వైపే ఉంటాను. ఫిన్లాండ్ 1943లో చట్టం చేసి 1948 నుంచి పిల్లలందరికీ ఒకే భోజనం పెడుతోంది. కొందరికే పెట్టే చోట, "ఉచిత భోజనం" వరసలో నిలబడటానికి సిగ్గుపడి ఆకలితో ఉండిపోయే పిల్లలు ఎప్పుడూ కొందరుంటారు. వాళ్లు ఏ లెక్కలోనూ కనబడరు.

ఇకమీదట ఏదైనా బడి భోజన పథకం గురించి "పనిచేయలేదు" అని చదివితే, ఆ నివేదికలో ఈ వివరాలు వెతకండి: పిల్లలకు ఎన్నేళ్లు అందింది, ఏడాదిలో వాస్తవంగా ఎన్ని రోజులు వండారు, కంచంలో ధాన్యం కాక ఇంకేముంది, పథకం వచ్చాక బడిలో కొత్తగా చేరినవాళ్లెవరు, వండి వడ్డించింది ఎవరు. కోవిడ్ సమయంలో బళ్లు మూతపడి ప్రపంచంలో దాదాపు 37 కోట్ల మంది పిల్లలకు ఈ పూట భోజనం తెగిపోయింది. ఆ ఏళ్లలో ప్రాథమిక తరగతుల్లో ఉన్న పిల్లల ఫలితాలను మామూలు ఏళ్ల పిల్లలతో కలిపి సగటు తీసిన నివేదిక అయితే, దాన్ని ఇంకాస్త జాగ్రత్తగా చదవండి.